ఎల్డన్ మెడ పన్ను

“ఆ సెంటు ఓడిపోయిందంటే నా పిల్ల ఏదో ఒక శుక్రవారం వాళ్ల తాత ట్రక్కు కింద పడుతుంది,” అన్నాను.

ట్విలా దుప్పటి అవతలి అంచు పట్టుకుని ఉంది. వృద్ధాశ్రమంలో పొద్దున పూట పక్కలు మార్చడం మా ఇద్దరి పని.

“పోయిన వారం పొయ్యి పేలుతుందన్నావు. అంతకు ముందు బడి బస్సు వాగులో పడుతుందన్నావు. పొయ్యి పేల్లేదు, బస్సు పళ్లేదు. దుప్పటి సరిగ్గా లాగు, మడత పడుతోంది.”

“ఇది అలాంటిది కాదే.”

“నీకు ఏదీ అలాంటిది కాదు మార్లా. నీ భయాలన్నీ నిజమైతే ఈ పాటికి ఊళ్లో ఒక్క పిల్ల మిగిలేది కాదు.”

నాకు భయం ఎక్కువన్న మాట నిజమే. రోజంతా మంచాన పడ్డవాళ్ల మధ్య తిరిగేదాన్ని. నీళ్ల చుక్క మీద జారి తుంటి విరిగినవాళ్లని, మెట్టు చూసుకోక పడి మాట పోయినవాళ్లని కడిగి, తుడిచి, తినిపించడం నా ఉద్యోగం. మనిషి ఎంత తేలిగ్గా విరిగిపోతాడో రోజూ చూస్తూ ధైర్యంగా ఉండమంటే ఎలా ఉంటాను. చదువు కూడా అంతంతమాత్రం. పదో తరగతి తర్వాత బడి మొహం చూడలేదు. ఇప్పుడు మాత్రం నా కూతురు బ్రిన్లీ బడిలో ఉన్నంతసేపే నాకు ఊపిరాడుతుంది.

బడి లేని రోజు శుక్రవారం. చమురు ధర పడిపోయిన ఏడు మా బ్రాక్స్‌టన్ కౌంటీలో బడులు నడపడానికి డబ్బు చాల్లేదు. వారానికి నాలుగు రోజులే తెరుస్తామన్నారు. ఆ ఒక్క ఏడాదికే అన్నారు. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పిల్లలకి విశ్రాంతి, టీచర్లకి విశ్రాంతి అని చెప్పుకున్నారు గానీ మంచాన పడ్డవాళ్లకి శుక్రవారం సెలవు ఉండదు కదా. నా భర్త కోడీ పడమటి టెక్సస్‌లో చమురు గొట్టాలు వేసే పనిలో ఉంటాడు, ఎప్పుడో నెలకోసారి ఇల్లు చేరతాడు. అందుకని శుక్రవారం పొద్దున్నే బ్రిన్లీని మా మామగారి పొలంలో దించి నేను పనికి పోయేదాన్ని.

మామగారి పేరు ఎల్డన్ ప్రూయిట్. పశువుల్ని పెంచి అమ్ముతాడు. అత్తగారు పోయాక ఒక్కడే ఉంటున్నాడు. బ్రిన్లీ పుట్టక ముందు ఒక గుర్రం ఆయన్ని ఇనప గేటు మీదికి విసిరేసింది. మెడ ఎముకల్ని రేకులతో బిగించి బతికించారు. బతికాడు గానీ మెడ తిరగదు. పక్కకి చూడాలంటే నడుం దగ్గర్నుంచి మొత్తం మనిషే తిరగాలి. ట్రక్కులో కూర్చుంటే అదీ కుదరదు, అద్దాల్లో చూసుకుని వెనక్కి తీస్తాడు. వసంతం వస్తే ఆవులు ఈనే కాలం. రోజంతా ట్రక్కు, ట్రైలరు, ట్రాక్టరు వాకిట్లో ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటాయి. అదే వాకిట్లో నా ఎనిమిదేళ్ల పిల్ల కుక్కలతో దాగుడుమూతలు ఆడుతుంది. ఎండలో నీడ కావాలంటే వాకిట్లో ఉన్న నీడ ట్రైలరు కిందే.

అడగలేదా అంటారేమో, అడిగాను. “మావయ్యా, బండి తీసేటప్పుడు పిల్ల ఎక్కడుందో చూసుకుంటున్నారా?” అన్నాను ఒకసారి.

“కోడీని ఈ వాకిట్లోనే పెంచా. వాడేమన్నా రొట్టెలాగా పల్చగా ఉన్నాడా?” అన్నాడు.

అప్పట్లో ఆయన మెడ తిరిగేది. ఆ మాట నోటిదాకా వచ్చింది, అనలేదు. నయాపైసా తీసుకోకుండా పిల్లని చూసుకునే మనిషిని ఏమనగలను.

సరిగ్గా అప్పుడే సెంటు గొడవ మొదలైంది. కౌంటీలో ఏం కొన్నా అమ్మకపు పన్ను డాలరుకి ఒక సెంటు పెంచుతారు, వచ్చిందంతా బడులకి పోతుంది, శుక్రవారం బడి మళ్లీ తెరుస్తారు. కావాలో వద్దో ఏప్రిల్లో మనమే ఓటు వేసి చెప్పాలి. కాగితాల మీద దానికి బారెడు పేరుంది. కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ దాన్ని సెంటు అనే పిలిచారు.

ఆ సెంటు ఊరిని నిలువునా చీల్చింది. కావాలని ఇంటిముందు చిన్న అట్ట పాతుకున్నవాళ్ల గడ్డి మీదికి ఎవరో ట్రక్కు ఎక్కించి అట్టని తొక్కించి పోయేవాళ్లు. వద్దన్నవాళ్ల పిల్లలతో ఆడొద్దని టీచర్ల పిల్లలకి ఇళ్లలో చెప్పారట. చర్చిలో ఆదివారం విందుకి అందరం గిన్నెలు తెచ్చుకుంటాం. ఆ వసంతంలో వద్దన్నవాళ్లు బల్లకి ఆ కొసన, కావాలన్నవాళ్లు ఈ కొసన కూర్చున్నారు. ఫోర్త్‌గ్రేడు టీచరు చేసిన అరటిపండు పుడ్డింగు ఎవరూ చెంచా పెట్టకుండా అలాగే ఇంటికి తిరిగి పోయింది. ఆమె చేసే పుడ్డింగు కోసం మామూలప్పుడు కొట్టుకుంటారు.

మామగారు వద్దన్నవాళ్లకి పెద్ద. పొలం గేటు దగ్గర ఎనిమిది అడుగుల చెక్క నిలబెట్టి, దాని మీద ఎర్ర రంగుతో “సెంటు వద్దు. మా జేబు మాది” అని తానే రాశాడు. ప్రతి శుక్రవారం నా పిల్లని ఆ చెక్క కిందే దించి వచ్చేదాన్ని. నేను ఓటు ఎటు వేస్తానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఓటుకి ముందు ఒకసారి అందరూ ఒకచోట చేరి మాట్లాడుకోవాలన్నారు. బడిలో పెడితే వద్దన్నవాళ్లు రామన్నారు. చర్చిలో పెడితే పాస్టరు వద్దన్నాడు, ఆయనకి రెండు పక్కలా చందాలిచ్చేవాళ్లున్నారు. చివరికి డెల్బర్ట్ స్లోన్ తన సంత ఇచ్చాడు. సంత అంటే పశువుల్ని వేలం వేసే పెద్ద రేకుల కొట్టం. మధ్యలో రంపప్పొట్టు పోసిన గుండ్రటి బరి, చుట్టూ మెట్లు మెట్లుగా చెక్కబల్లలు, పైన అరుగు మీద సుత్తి పట్టుకుని డెల్బర్ట్. ప్రతి సోమవారం అక్కడ పశువులు అమ్ముతారు. ఆ సోమవారం సాయంత్రం పశువుల్ని అమ్మేశాక మమ్మల్ని కూర్చోబెట్టారు. వెనక దొడ్లో ఇంకా తోలుకుపోని దూడలు తల్లుల కోసం అరుస్తూనే ఉన్నాయి.

ఒక సంగతి చెప్పాలి. డెల్బర్ట్ వేలంలో ఎవరూ చెయ్యెత్తరు, అరవరు. తనకి ఆ ఆవు కావాలని పక్కవాడికి తెలిస్తే ధర పెరుగుతుంది. అందుకని ఒకడు టోపీ అంచు ముట్టుకుంటాడు, ఒకడు నోట్లో పుల్ల ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మారుస్తాడు, మా మామగారైతే ఎడమ కన్ను మూస్తాడు. ఎంత చిన్న సైగయినా డెల్బర్ట్ కళ్లు పట్టేస్తాయి. పట్టాక ఇక అది మాటే. సంతలో సైగ చేసి కాదన్నవాడితో మళ్లీ ఎవరూ బేరం ఆడరు.

“నాకు తెలిసింది ఒక్కటే పద్ధతి,” అన్నాడు డెల్బర్ట్ మొదట్లోనే. “మాట్లాడాలన్నవాళ్లు నాకు కనపడేట్టు సైగ చెయ్యండి. నేను పిలుస్తా. బరిలోకి దిగి చెప్పండి. సుత్తి కొడితే మళ్లీ పైకి ఎక్కెయ్యండి. బరిలో కొట్టుకోవడాల్లేవు, అది బయట చూసుకోండి.”

బడులన్నిటికీ పై అధికారి డాక్టర్ ఆష్‌క్రాఫ్ట్ ముందు దిగింది. పాపం తెల్ల బూట్లు వేసుకొచ్చింది. రెండడుగులు వేసేసరికి పేడలో కాలు పడింది. వెనక వరసల్లో బూట్లతో చెక్కలు తన్ని నవ్వారు. ఆమె కదలకుండా నిలబడి, నాలుగు రోజుల చదువుతో మన పిల్లలు ఎక్కడ వెనకపడుతున్నారో చెప్పడం మొదలుపెట్టింది.

“శుక్రవారం పొద్దున బడికి డబ్బుండదు గానీ, శుక్రవారం సాయంత్రం బడి ఫుట్‌బాల్ ఆటకి లైట్లు మాత్రం ఎలా వెలుగుతయ్యమ్మా?” అని ఎవరో అరిచారు.

“ఆ డబ్బు వేరే ఖాతా అండీ.”

“ఖాతా ఏదైనా తీసేది మా జేబులోంచే.”

తర్వాత దాణా కొట్టు హెర్షెల్ దిగాడు. “నది ఇవతల నా కొట్టు, అవతల టెక్సస్. ఈ సెంటు పెట్టారంటే మేకు కావాలన్నా వంతెన దాటిపోతారు. నా కొట్టు మూసుకోవాల,” అన్నాడు.

“ఇప్పుడూ దాటే పోతన్నాం హెర్షెల్, నీ ధరలు చూసి,” అంది పై వరసలోంచి ఒకావిడ.

“నువ్వు అప్పెట్టిన దాణా తీర్చి పో తల్లీ, ఎక్కడికి పోయినా.”

నవ్వారు. అది మంచి నవ్వు కాదు. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె లేచి, బడి లేని రోజు తన పిల్లలకి మధ్యాహ్నం తిండి కూడా ఉండటం లేదంది, బడిలో అయితే పెడతారని. “నీ పిల్లలకి నువ్వు వండిపెట్టుకోలేవా?” అన్నారు ఎవరో. ఆమె ఎవరన్నారో అని చుట్టూ చూసింది. ఎవరూ మొహం చూపించలేదు. కూర్చుంది. ఆమె పక్కనున్నవాళ్లు కొంచెం ఎడంగా జరిగారు. కర్రలు, తుపాకులు ట్రక్కుల్లో ఉంటాయి అందరికీ. బయటికి పోయేటప్పుడు ఏమవుతుందో అని తలుపులు ఎన్ని ఉన్నాయో చూసుకుంటున్నాను.

అప్పుడు మామగారు ఎడమ కన్ను మూశాడు. డెల్బర్ట్ పిలిచాడు.

బరి మధ్యలో నిలబడి ఆయన మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. “నా మెడ తిరగదు గాబట్టి మీ అందరి కోసం నేనే తిరగతన్నా, ఏమనుకోకండి,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనంటే అందరికీ ఇష్టం.

“నా మనవరాలు శుక్రవారం నా దగ్గరుంటది. దూడకి సీసాతో పాలు పట్టడం నేర్చింది. కంచె తీగ లాగడం నేర్చింది. ఏ బడిలో నేర్పుతారు చెప్పండి. పిల్లలు శుక్రవారం నాడు వీధుల్లో పాడైపోతన్నారని ఆ డాక్టరమ్మ అంటంది. నా మనవరాలు నా వాకిట్లో ఉన్నంత క్షేమంగా ఏ బడిలోనూ ఉండదు. దానికోసం మీరెవరూ సెంటు ఖర్చు పెట్టక్కర్లా.”

చెక్కబల్లలు దద్దరిల్లాయి. భయం వేస్తే నా వేళ్లు గొంతు మీదికి పోతాయి, చిన్నప్పటి అలవాటు. అలా పోయాయి.

“అదుగో, నాలుగో వరస,” అన్నాడు డెల్బర్ట్. “ఎల్డన్ కోడలు. దిగమ్మాయ్.”

“నేను కాదు,” అన్నాను.

“సైగ చూశాగా.”

“పాట పాడి వెనక్కి తీస్తావా ఏంది?” అన్నాడు నా వెనక కూర్చున్న ముసలాయన. అటూ ఇటూ అందరూ నావైపే చూస్తున్నారు. ట్విలా మోకాలితో పొడిచి, “మా మామగారు చెప్పిందే నా మాట అని చెప్పి వచ్చెయ్,” అంది చెవిలో.

అదే చెబుదామని దిగాను. ఒట్టు, అదే చెబుదామని. పశువుల్ని తోలే గేటు లోంచి బరిలోకి వచ్చాను. మామగారు ఇంకా అక్కడే నిలబడి, పై వరసలో ఎవరితోనో ఏదో అంటున్నాడు. ఆయన వీపు నావైపుంది. పొట్టులో అడుగుల చప్పుడు వినపడదు. నేను ఆయన వెనక, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో నిలబడ్డాను. ఆయనకి తెలియలేదు. కౌంటీ అంతా నన్ను చూస్తోంది, ఆయనొక్కడికే నేను లేను.

“మావయ్యా,” అన్నాను.

ఆయన ఉలిక్కిపడి, అడుగు వెనక్కి వేసి నా కాలు తొక్కాడు. అప్పుడు మొత్తం మనిషి తిరిగాడు.

“చూశారా,” అన్నాను, ఎవరితో అంటున్నానో నాకే తెలియదు. “నేనిక్కడ నిలబడి ఎంతసేపయింది, ఆయనకి తెలియలేదు. నా పిల్ల నాకంటే పొట్టిది. ఆయన వాకిట్లో ట్రక్కు వెనక్కి తీస్తారు, ట్రైలరు వెనక్కి తీస్తారు, మెడ తిరగదు. అది చక్రాల దగ్గర ఆడుకుంటుంది. ప్రతి శుక్రవారం ఆశ్రమంలో ఫోను మోగితే ఆ కబురేనేమో అనుకుంటాను. మా మావయ్య మంచివాడే. కానీ నా పిల్లని అక్కడ వదలడం నాకు భయం. శుక్రవారం బడి కావాలి నాకు. అంతే.”

సుత్తి కొట్టడం కూడా డెల్బర్ట్ మర్చిపోయాడు.

“అయితే ఎల్డన్ మెడ కోసం మేమంతా సెంటు కట్టాలా?” అన్నాడు హెర్షెల్.

అంతే, ఒక్కసారిగా నవ్వులు లేచాయి. కావాలన్నవాళ్లు నవ్వారు, వద్దన్నవాళ్లు నవ్వారు. ఆ సాయంత్రం ఊరంతా కలిసింది ఆ ఒక్క మాట దగ్గరే. మామగారి మొహం చెవుల దాకా ఎర్రబడింది. టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“నలభై ఏళ్లు ఈ బరిలో నా పశువుల్ని అమ్ముకున్నా,” అన్నాడు నాతో, మెల్లగా. “నన్నెవరూ అమ్మలేదు.”

గేటు తీసుకుని పోయాడు. బయట ట్రక్కు స్టార్టయింది. వెనక్కి తీస్తున్న చప్పుడు విని ఇంకోసారి నవ్వారు. “పక్కకి జరగండ్రోయ్,” అని ఎవరో కేకేశారు.

తలుపు దగ్గర డాక్టర్ ఆష్‌క్రాఫ్ట్ నన్ను ఆపింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

“మీరు మాట్లాడకుండా ఉంటే బాగుండేది,” అంది. “మేం చదువు గురించి అడుగుతున్నాం. మీరు దాన్ని పిల్లని ఎవరు చూసుకోవాలన్న ఇంటి గొడవ చేశారు.”

“నేను చెయ్యెత్తలేదు మేడం.”

ఆమె బూట్లు తుడుచుకుంటూ పోయింది.

మర్నాటి నుంచి దాన్ని సెంటు అనడం మానేశారు. ఎల్డన్ మెడ పన్ను అన్నారు. బడి ముందున్న బోర్డుకి ఎవరో మెడకి కట్టే పట్టీ తగిలించారు. సరుకుల కొట్లో గల్లా దగ్గర కుర్రది, “మెడకి కూడా ఒక సెంటు కొట్టమంటారా?” అంది. నేను సంచీ తీసుకుని వచ్చేశాను. మామగారికి ఆ మాట ఎన్నిసార్లు చెవిన పడి ఉంటుందో తలుచుకుంటే ఒళ్లు మండేది, నా మీదో ఆయన మీదో తెలిసేది కాదు. గడ్డం గీసుకోవడం మానేశాడని, కాఫీకి కూడా ఊళ్లోకి రావడం లేదని విన్నాను.

కోడీ ఫోను చేశాడు. ఎవరు చెప్పారో, మాట మాట చెప్పారు.

“మా నాన్నని సంతలో నిలబెట్టావా?”

“నేను నిలబెట్టలేదు. ఆయనే నా పిల్ల పేరు తీశారు.”

“మనకి ఉన్నది ఆయనొక్కడే మార్లా. వేరే మనిషిని పెట్టుకునే స్తోమతుందా మనకి?”

“పిల్లకి ఏదన్నా అయ్యాక స్తోమతెందుకు?”

“కాలేదుగా. ఎప్పుడూ ఏమీ కాదు. కాకముందే నువ్వు శవాన్ని కడిగేసి ఉంటావు.”

తర్వాత, “నాన్నకి క్షమాపణ చెప్పు,” అన్నాడు. చెప్పనన్నాను. పెట్టేశాడు.

శుక్రవారాలు ట్విలా వాళ్లమ్మ బ్రిన్లీని చూసుకుంది. ఆమె టీవీ ముందు నిద్రపోతుంది, సిగరెట్టు చేతిలోనే ఉంటుంది. కాబట్టి నేను ట్రక్కు గురించి మానేసి ఇల్లు తగలబడడం గురించి భయపడ్డాను. బ్రిన్లీకి అక్కడ నచ్చలేదు. “తాత నా మీద కూడా కోపంగా ఉన్నాడా?” అని అడిగేది. లేదమ్మా, నా మీదే అనేదాన్ని. “మరి నన్నెందుకు రానివ్వడు?” రానివ్వనిది నేనో ఆయనో అప్పటికి ఇద్దరం తేల్చుకోలేదు.

ఓటు రోజు మెథడిస్టు చర్చి కింది గదిలో వరసలో నిలబడ్డాను. మామగారు నాకంటే ముందున్నాడు. వచ్చినవాళ్లల్లా ఆయన వీపు తట్టి పోతున్నారు. వెనక్కి తిరగలేడు కదా, ఎవరు తట్టారో తెలియక అందరికీ తలాడించాడు, తలాడడం కూడా ఆయనకి నడుం వంచడమే. నేను తట్టలేదు.

సెంటు ఓడిపోయింది. దగ్గర్లోకి కూడా రాలేదు. “నువ్వు నోరు మూసుకున్నా ఓడేదే, బాధపడకు,” అంది ట్విలా. ఫోర్త్‌గ్రేడు టీచరు మాత్రం చర్చిలో నన్ను చూసి బల్ల మార్చుకుంది.

ఆ వారమే ట్విలా వాళ్లమ్మకి కళ్ల ఆపరేషను పడింది. ఆశ్రమంలో మా పైఅధికారిణికి చెబితే, “శుక్రవారం రాకపోతే ఇక సోమవారం కూడా రావక్కర్లేదు,” అంది. పిల్లని చూస్తామన్నవాళ్లు ఎవరన్నా ఉంటారేమో అని ఊళ్లో అడిగాను. కావాలన్నవాళ్లకి నేను సెంటుని నవ్వులపాలు చేసినదాన్ని, వద్దన్నవాళ్లకి సంతలో ఎల్డన్ పరువు తీసినదాన్ని. ఒక్కరూ సరేననలేదు.

శుక్రవారం పొద్దున కోడీ జింకల వేటకి వేసుకునే నారింజ రంగు చొక్కా బ్రిన్లీకి వేసి, నడుం దగ్గర పిన్నీసులు పెట్టాను. మైలు దూరం నుంచైనా కనపడే రంగది. మామగారి పొలానికి పోయాను.

ఎర్ర రంగు చెక్క ఇంకా గేటు దగ్గరే ఉంది, గెలిచినా తీయలేదు. బ్రిన్లీని కారులోనే కూర్చోమని, తలుపు తీయొద్దని చెప్పి దిగాను. ఆయన ట్రక్కు ఇంజను నడుస్తూనే ఉంది. వెనక తొట్లోకి దాణా బస్తాలు ఎత్తుతున్నాడు. వీపు నావైపుంది. నేను వెనక నిలబడలేదు, చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చాను.

“ఏంది, ఆశ్రమంలో ముసలోళ్లు తక్కువయ్యారా?” అన్నాడు చూడకుండానే. “నన్ను కూడా చేర్చుకుందామని వచ్చావా?”

“పిల్లని దించడానికి వచ్చాను మావయ్యా.”

“ఇక్కడ క్షేమం కాదన్నావుగా. కౌంటీ మొత్తానికి చెప్పావుగా.”

“చెప్పాను.”

“మరి ఇప్పుడు క్షేమం అయిందా? నా మెడ తిరగతందా?”

“ఈరోజు పోకపోతే నా పని పోతుంది.”

“అంటే నీ పని కంటే పిల్ల తక్కువ.”

“ఆ మాట మీరనకండి,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. “అది ఈ పాటికి బడిలో ఉండాలి. ఇవ్వాళ బడి లేకుండా చేసినవాళ్లు నన్ను ఆ మాట అడక్కూడదు.”

“నేనొక్కడినే ఓటేశానా? నువ్వేం చేశావు? నా ఇంటి సంగతి ఊళ్లో పరిచావు. చర్చిలో పసిపిల్లలు నన్ను చూసి మెడ బిగబట్టి నడుస్తన్నారు. తెలుసా నీకు?”

“తెలుసు.”

“తెలిసీ వచ్చావు.”

“వచ్చాను. వేరే చోటు లేదు. మీకు నా మీద కోపం, నాకు మీ మీద కోపం. అది ఎప్పటికీ పోకపోయినా ఫరవాలేదు. ఒక్కటే అడుగుతాను. పిల్లని ఇక్కడ దించితే దానికేమీ కాదని నా మొహం చూసి చెప్పండి. ఊరి కోసం చెప్పినట్టు కాదు. చెప్తే దించేసి పోతాను. నాదే తప్పని కోడీకి చెప్తాను. డెల్బర్ట్ బరిలో నిలబడి అందరికీ చెప్పమన్నా చెప్తాను. జన్మలో మళ్లీ ఈ మాట ఎత్తను.”

ఆయన చేతిలో బస్తా సగం పైకెత్తి ఉంది. దాన్ని కింద పెట్టాడు.

కంచె అవతల ఆవులు దాణా వాసనకి చేరి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆయన చేతి తొడుగు తీశాడు, వేళ్లు చూసుకున్నాడు, మళ్లీ తొడుక్కున్నాడు. ట్రక్కు తలుపు తీసి, వంగి ఇంజను ఆపాడు. నేను పనికి ఆలస్యమవుతున్నాను. అడిగినదాన్ని వెనక్కి తీసుకుందామని రెండుసార్లు నోరు తెరిచాను. ఏమీ కాదంటాడేమో అని భయపడ్డాను, పొమ్మంటాడేమో అని భయపడ్డాను. రెండింట్లో ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోయాను. కారు అద్దానికి ముక్కు ఆనించి, నారింజ రంగు చొక్కాలో, బ్రిన్లీ ఆయనకి చెయ్యి ఊపుతోంది.

ఆయన నడుం దగ్గర్నుంచి మొత్తంగా తిరిగి, కారు వైపు చూశాడు. దానికి చెయ్యి ఊపలేదు. మళ్లీ నావైపు తిరగలేదు.

“దించకు,” అన్నాడు చివరికి. “నువ్వు సంతలో మాట్లాడక ముందు శుక్రవారం, ట్రైలరు వెనక్కి తీస్తన్నా. అద్దంలో ఏం లేదు. ఎందుకు అనిపించిందో తెలీదు, బ్రేకు తొక్కి, చిట్టీ ఎక్కడున్నావే అని కేకేశా. ఇక్కడే ఉన్నా తాతా అంది. గొంతు చక్రం కిందనుంచి వచ్చింది.”